పాటకు చాలినంత ప్రవాహము

మాఘమాసమున అంతర్వేది తీర్థమునుండి మరలివచ్చు జనసందోహములో మా మేనల్లుని కారు గంటకు పైగా అంగుళమంగుళముగా జరుగుచుండగా, అతడు క్రొత్తగా బిగించిన వేయి వాట్ల ఆంప్లిఫయరు డప్పుదెబ్బ వినిపించినప్పుడెల్ల ముందటి దీపములు మసకబారి మరల వెలుగుట నేను కన్నులార చూచితిని. రాజోలు దరిదాపుల టీకొట్టు కడ ఇంజను ఆపి దిగితిమి. మరల సెల్ఫు కొట్టినప్పుడు ‘టక్కు’ మను చప్పుడు తప్ప చలనము లేదు. “బ్యాటరీ వేసి నెల కాలేదు మామయ్యా, ఎలా దిగిపోయింది?” అని వాడు దిగులుపడెను. పరుల బండి బ్యాటరీకి తీగలు కలిపి ఎట్లో ఇల్లు చేరితిమి.

ఈ గోదావరిసీమలో కారునందు సంగీతమును ముచ్చటపడి అమర్చుకొనిన వారనేకులు ఈ దోషమును బ్యాటరీమీదనే మోపుచున్నారు. ఇంజను తిరుగుచున్నంతసేపు కరెంటును పుట్టించునది ఆల్టర్నేటరు, అనగా మన మెకానిక్కులు నేటికిని డైనమో అనుచున్న యంత్రము. బెల్టు త్రిప్పగా దాని గర్భమునందలి అయస్కాంతము రాగితీగచుట్లనడుమ పరిభ్రమించి విద్యుత్తును జనింపజేయును, డయోడులు దానిని ఒకే దిశకు మరల్చును, రెగ్యులేటరు పదునాలుగు వోల్టుల చేరువ నిలిపియుంచును. బ్యాటరీ చెరువు వంటిది. దానినుండి తోడుకొనినదెల్ల తిరిగి నింపవలసినది ఆల్టర్నేటరే. కావున రెండవ బ్యాటరీ పెట్టుట రెండవ చెరువు త్రవ్వుటయే కాని, ఏటికి నీరు తెచ్చుట కాదు.

లెక్క చూతము. వేయి వాట్ల ధ్వనినిచ్చు మేలైన ఆంప్లిఫయరు సుమారు 1250 వాట్లు త్రాగును. అది పతాకస్థాయిలో సుమారు తొంబది ఆంపియర్లు. పాట నిరంతరము ఆ స్థాయిలో ఉండదు గనుక సగటున మూడవవంతు, ముప్పది ఆంపియర్లనుకొందము. దీపములు, ఏసీ, రేడియేటరు ఫ్యాను, పెట్రోలు పంపు మొదలైనవాటికి మరి ముప్పదియో నలుబదియో కావలెను. చిన్నకారు ఆల్టర్నేటరుమీద ఎనుబదియని ముద్రించియున్నను, ఆ సంఖ్య వేగముగా తిరుగునప్పటిది; ఐడిలింగులో, అదియు వేడెక్కిన పిమ్మట, అందులో సగము దక్కుట కష్టము. తీర్థపు రద్దీలో మా బండి గంటసేపు నిలిచినది సరిగా ఆ సగముమీదనే.

ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటరు కొనదలచినవాడు మోసపోవునదియు ఇచ్చటనే. రెండువందల ఆంపియర్లను పేరుతో అమ్మునది ఐడిలింగులో పాతదానికంటె తక్కువ ఇచ్చినను ఇచ్చును. నిడదవోలునుండి హైవేమీద పరుగెత్తునప్పుడు ఏ ఆల్టర్నేటరైనను చాలినంత ఇచ్చును. నగరమందలి దేవీచౌకు రద్దీలో బండి నిలిచినప్పుడు ఇచ్చునదే మనకు ముఖ్యము.

మేము ఇల్లు చేరిన మరునాడు ఆటో ఎలక్ట్రీషియను వచ్చి, పాట గట్టిగా పెట్టించి, మీటరు తీగనొకదానిని బ్యాటరీ నెగటివుకును, రెండవదానిని ఇంజను ఒంటికిని ఆనించెను. సున్నకు చేరువగా ఉండవలసిన చోట అర వోల్టు కనబడెను. ఎర్తు తీగ విప్పగా దాని కొసయంతయు సముద్రపుగాలి తెచ్చిన పచ్చని చిలుము. గోటితో గీకగా పొడి రాలినది. 1852లో పూర్తియైన కాటనుదొర ఆనకట్ట ధవళేశ్వరమున ఎంత నీరు నిలిపినను, కాలువ పూడినచో శివారు పొలము ఎండునని ఈ డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు గదా! ఆల్టర్నేటరునుండి బ్యాటరీకి, బ్యాటరీనుండి బాడీకి, బాడీనుండి ఇంజనుకు పోవు తీగలు మూడును లావైన అసలు రాగివి కావలెను. రాగిపూత పూసిన అల్యూమినియము కారాదు. ఆంప్లిఫయరుకు పోవు తీగకు బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు ఉండితీరవలెను, లేనిచో నిప్పు పుట్టును.

పెద్ద ఆల్టర్నేటరు ఊరకే తిరుగదు. నూరు ఆంపియర్లు తీయుటకు ఇంజనునుండి సుమారు మూడు అశ్వశక్తులు లాగును. బెల్టు వదులైనచో జారి కీచుమనును. క్రొత్త కార్లలో చార్జింగును కంప్యూటరే శాసించుచున్నది గనుక, దానితో పొసగనిది బిగించినచో డ్యాష్‌బోర్డుమీద ఎఱ్ఱదీపము ఆరదు.

మా వాడు తీగలు మార్చెను. ఐడిలింగు వోల్టేజి కొంత పెరిగినది కాని చాలలేదు. ఆల్టర్నేటరు కొరకు రెండు దుకాణములు తిరిగెను; పెట్టెమీది అంకె చూపినవారే తప్ప, ఐడిలింగులో ఎంతయో చెప్పినవారు లేరు. వాడు కొనకుండ వచ్చెను. ఆ పని నాకు నచ్చినది. పాటను ప్రేమించు పాఠకులారా, మీరును వేడెక్కిన ఇంజనుమీద, ఐడిలింగులో, ఎన్ని ఆంపియర్లిచ్చునో కాగితముమీద వ్రాసి యిమ్మని అడుగుడు. వ్రాసి యీయని వానికడ కొనకుడు.