ఒక రాత్రి మజిలీ

బాటసారికి రాత్రి తలదాచుకొన చోటు చూపుట మన గ్రామములకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు, మఱచిన విద్య. దానిని జ్ఞప్తికి దెచ్చుకొనవలసిన సమయ మిప్పు డాసన్నమైనది. పడక, పొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి - ఇన్నిటిని ఒక్క మోటారుబండిలో నమర్చుకొని దేశాటనము చేయువారు పాశ్చాత్యదేశములలో లక్షలకొలది యున్నారు. ఈ బండికి కారవాను అని వాడుక. కేరళప్రభుత్వము 2021లో వీనికొఱకు ప్రత్యేకవిధానము ప్రకటించెను. 2022లో వాగమన్ కొండలపై మొదటి నిలుపుతావు తెఱువబడెను. మన ప్రాంతమున నీ బండ్లు ఇంకను అరుదు. ఐనను గుంటూరునుండి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల పోవు బాటమీదికిని, రేపల్లె, బాపట్ల, చీరాలలను తాకుచు ఒంగోలు చేరు 216వ జాతీయరహదారి మీదికిని ఇవి వచ్చుటకు ఎంతో కాలము పట్టదు. వచ్చిననాడు రాత్రికి చోటు చూపువా రెవరు? అందువలన కలుగు లాభమును పొందువా రెవరు? పల్లెటూరి రైతా, పట్టణపు ధనికుడా? మనము ముందుగా నిర్ణయించుకొనవలసిన దిదియే.

ఈ ప్రశ్నకు ఫ్రాన్సుదేశపు కర్షకులు చక్కని సమాధానము చెప్పియున్నారు. అచ్చటి ద్రాక్షతోటలవారును, పాడిరైతులును 1993 మొదలుకొని ఒక ఏర్పాటునందు చేరి, ఇట్టి బండ్లకు తమ పొలములలో ఒక దినము చోటిచ్చుచున్నారు. రుసుము లేదు. సరకు కొనితీరవలెనను నిర్బంధమును లేదు. కాని తెల్లవాఱగనే తోట చూచి, రైతుతో నాలుగు మాటలాడిన యాత్రికుడు వట్టిచేతులతో పోవుట అరుదు. ఇంగ్లండులోను పల్లెటూళ్ల పానశాలలు, పొలముల చెంతనున్న అంగళ్లు ఇట్లే చోటిచ్చుచున్నవి. పానశాల మాట మనకు వలదు. మఱునాటి యుదయమున బండి తోలవలసినవానికి కల్లుపాక ముంగిట మజిలీ చూపుట ఆతిథ్యము కాదు, అపకారము. పొలము చెంతనున్న అంగడి మాత్రము మనము గ్రహింపదగినదే.

ఇది పరదేశముల యనుకరణ మని తలంచువారు మన పూర్వుల ప్రయాణములను స్మరింతురు గాక. గూడుబండిలో గడ్డి పఱచుకొని, వంటపాత్రలతో పిల్లలతో బయలుదేరి, శివరాత్రికి కోటప్పకొండ చేరి బండిక్రిందనే రాత్రి గడపిన కుటుంబము లెన్ని లేవు? దుగ్గిరాలనుండి పెదగంజాము వైపు సాగు కొమ్మమూరు కాలువమీద పడవలు నడచిన కాలమున, పడవలోనే వండుకొని పడవలోనే నిదురించినవారు మన తాతలే. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో బయలుదేరి 1831 వఱకు సాగించిన కాశీయాత్రలో మజిలీ మజిలీకిని నీటివసతి యెట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా యని వ్రాసియుంచిరి. లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూయు వఱకు గోదావరి దాటివచ్చు బాటసారికి వేళయనక అన్నము పెట్టిరి. ఆ తల్లి పేరు నేడు మన పాఠశాలల మధ్యాహ్నభోజనమునకు పెట్టబడియున్నది. ఆమె చేసిన పనిని మాత్రము మన వీధి యరుగులు మఱచినవి.

పూర్వకాలమును పొగడునప్పుడు దాని కళంకమును దాచుట న్యాయము కాదు. మన సత్రములలో పెక్కింట అన్ని కులములవారికిని సమానప్రవేశము లేకుండెను. ఒకరికి పంక్తిభోజనము, వేఱొకరికి గడపవెలుపల నిలుపు. బావియొద్దనైన నీళ్లు తోడుకొనలేక దప్పితో సాగిపోయిన బాటసారులును ఈ దేశపు బిడ్డలే. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము పదునైదవ అధికరణమున ఈ భేదమును నిషేధించినది. కావున నేడు పునరుద్ధరింపవలసినది సత్రమునందలి ఔదార్యమే కాని, అందలి పంక్తిభేదము కాదు. అతిథిని దైవముగా నెంచుమన్న ఉపనిషద్బోధను పర్యాటకశాఖవారు ప్రకటనల కెక్కించిరి. అతిథి కులమేదని యడుగకుండుటయే ఆ బోధకు మొదటి పరీక్ష.

ఇక మన ప్రాంతపు సంగతి. కార్తికమాసమున సూర్యలంక సముద్రస్నానమునకు జనము తండోపతండములుగా వత్తురు. భట్టిప్రోలు బౌద్ధస్తూపమును, బాపట్ల, పొన్నూరులలోని భావనారాయణస్వామి ఆలయములను చూడగోరువారు సంవత్సరము పొడుగునను కలరు. వీరందఱును వచ్చి, చూచి, చీకటి పడకముందే గుంటూరికో విజయవాడకో తిరిగిపోవుదురు. వారి ధనమును వారితోనే పోవును. నడుమనున్న పల్లెకు మిగులునది బాటపై లేచిన దుమ్ము మాత్రమే. ఆ యాత్రికుడు ఒక్క రాత్రి నిలిచెనా, ప్రొద్దుట పాలు పెరుగు కావలెను. పోవునప్పుడు ఇంటికి గొనిపోవ నేదేని కావలెను. మనకేమి కొదువ? దంపుడుబియ్యము, మినుములు, సున్నుండలు, దుగ్గిరాల పసుపు, తెనాలి నిమ్మ, తమలపాకు, అరటిగెల, వేసవిలో ముంజెలు, చలికాలమున తేగలు - వీనిలో ఏది దళారిచేతిమీదుగా పోక తప్పుచున్నది? కళ్లమునుండి కొనువాని యింటికి చేరులోపల ధర యెంత పెరుగునో, పెరిగినదానిలో రైతునకు దక్కునది యెంత స్వల్పమో మన పాఠకులకు చెప్ప నక్కఱలేదు. కొనువాడే కళ్లమునకు వచ్చుట యనగా దళారి లేని సంత మన వాకిటికే వచ్చుట. ఆచార్య రంగాగారు పుట్టిన నిడుబ్రోలు చెంతనే నివసించు మనకు ఈ అర్థశాస్త్రమును ఇంకొకరు బోధింపవలెనా?

ఐతే, షరతులు లేని యాతిథ్యము ఊరికి చేటు తెచ్చును. మొదటిది శుభ్రత. ఈ డెల్టాలో సముద్రమునకు చేరువైన కొలది భూగర్భజలము ఉప్పగును. పెక్కు గ్రామములు కాలువనీటితో నింపిన చెరువునే త్రాగుచున్నవి. కారవానులోని మురుగును ఒక్కడు కాలువలో వదలెనేని, ఆ పాపము దిగువనున్న గ్రామము లన్నియు ననుభవింపవలెను. కనుక మురుగును దింపుటకు తగిన గుంటలేని దొడ్డికి అనుమతి యీయరాదు. పరప్రభుత్వమువారు 1867లో చేసిన సరాయిల చట్టము సైతము గదులను, బావులను, మురుగుకాలువలను శుభ్రముగా నుంచుటయు, కావలివానిని పెట్టుటయు సరాయి నడుపువాని విధియని శాసించినది. పరాయివారు విధించిన పాటి నియమమును మనకు మనమే విధించుకొనలేమా?

రెండవది నేల. మన నల్లరేగడి ఒక్క వానకే బరువుబండిని ఇరుసు వఱకు దిగమ్రింగును. గట్టి కంకర పఱచిన చోటు, బరువు నోర్చు తూము, తలకు తగులని విద్యుత్తుతీగ - ఇవి చూచుకొనవలెను. మాసూళ్ల కాలమున కళ్లము ధాన్యమునకే కాని బండికి కాదు. మూడవది భద్రత. చోటిచ్చు దొడ్ల పట్టికను పంచాయతీ ఉంచవలెను. వచ్చినవారి పేరు, బండి సంఖ్య వ్రాయింపవలెను. స్త్రీలు నిర్భయముగా నిదురింపగల దీపము, కావలి యుండవలెను.

నాలుగవ షరతు భూస్వాములకు ప్రత్యేకముగా విన్నవించుచున్నాము. విశాలమైన దొడ్డి యున్నది మీకు; పొలము దున్నునది పెక్కుచోట్ల కౌలురైతు. సున్నుండ చుట్టునది, విస్తరి కుట్టునది కూలివాని యిల్లాలు. దొడ్డి మీదైనను, అంగడి అందఱిదిగా నుండనిండు. కౌలుదారుని బియ్యమును, స్త్రీసంఘములవారి సరకును అక్కడ ధర్మమైన వెలకు అమ్ముడు పోవలెను. లేనిచో ఒక దళారి పోయి మఱియొక దళారి వచ్చినట్లగును.

ఇంకొక మాట చెప్పక ఈ విషయమును ముగింపరాదు. చల్లనిగదిలాంటి బండిలో వచ్చు సంపన్నునికంటె ముందుగా మన బాటలపై ప్రతి రాత్రియు నిదురించు అతిథి యొకడున్నాడు. అతడు లారీ డ్రైవరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము అతని పని దినమునకు ఎనిమిది గంటలని పరిమితి విధించినది. పని ముగిసిన పిదప అతడెక్కడ పండుకొనవలెను? 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జాతీయరహదారులపై డ్రైవర్లకు వేయి విశ్రాంతిభవనములు నిర్మింతుమని ప్రకటించిరి. మంచిదే. కాని మన ధాన్యమును, మన పసుపును మోయువానికి ఒక స్నానపుగది, ఒక వెలుగు, నిర్భయమైన నాలుగు గంటల నిద్ర యిచ్చుటకు మనము ఢిల్లీవైపు చూడవలెనా? కారవానుకు తెఱచిన దొడ్డి లారీకి మూయబడునేని, అది వ్యాపారమే కాని ఆతిథ్యము కాదు. నిదురచాలని డ్రైవరు తెల్లవాఱుజామున చేయు ప్రమాదమున బలియగునది మన యూరిబిడ్డయే కావచ్చును.

2024-29 పర్యాటకవిధానమున రాష్ట్రప్రభుత్వము ఈ వృత్తికి పరిశ్రమ హోదా నిచ్చియున్నది. రాయితీల ఫలము సముద్రపుటొడ్డున మేడలు కట్టువారికే చేరకుండ చూచుట మన పని. పొన్నూరు, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతములలో గ్రామమున కొక్క దొడ్డి చొప్పున పది గ్రామములు ముందునకు రావలెను. పంచాయతీ తీర్మానము, కొంత కంకర, ఒక మురుగుగుంట, ఒక నీటికొళాయి, ఒక దీపము - ఆరంభమునకు ఇంతకంటె ఎక్కువ అక్కఱలేదు. చేయుదమన్న సంకల్పము మాత్రము మనదై యుండవలెను. రాబోవు కార్తికమునకైన బాటసారి చీకటికి వెఱచి మన యూళ్లు దాటి పరుగెత్తక, ఇచ్చట ఒక రాత్రి నిలుచునట్లు చేయుదము గాక!