పొగ రంగు చూడకుండా ఇంజన్ దింపకండి

పాత బుల్లెట్టు సైలెన్సర్‌లో పొగ కనిపిస్తే చాలు, షెడ్డులో వినిపించే మాట ఒక్కటే. 'ఇంజన్ బోరుకొచ్చింది సార్, దింపాల్సిందే.' బళ్లారిలో అయినా, హోసూరులో అయినా, బరంపురంలో అయినా తీర్పులో తేడా ఉండదు. మనం పొగ అంటే కన్నడిగుడు హొగె అంటాడు, తమిళుడు పుగై అంటాడు, ఒడియాలో ధూఆఁ అంటారు. పేరు ఏదైతేనేం, ఆ పొగ ఏ రంగులో ఉంది, ఎప్పుడు వస్తోంది అని అడిగేవాళ్లే తక్కువ. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించినట్టుంది ఈ పద్ధతి.

సరిహద్దు జిల్లాల్లో పాత బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే దానికి కారణం ఉంది. బుల్లెట్టు పుట్టిల్లు మద్రాసు పక్కన తిరువొత్తియూరు. జావా, యెజ్డీ బళ్లు మైసూరు ఫ్యాక్టరీలో 1961 నుంచి 1996 దాకా తయారయ్యాయి. నాన్న కొన్న బండి మీద కొడుకు తిరుపతికో, హంపికో వెళ్లి వస్తున్న ఇళ్లు మనలో ఎన్నో. అయితే పోత ఇనుప ఇంజన్‌తో బుల్లెట్టు తయారీ 2010 నాటికే ముగిసిపోయింది. 350 బుల్లెట్టు బోరు 70 మిల్లీమీటర్లు. బోరు చేయించిన ప్రతిసారీ లోపలి గోడ కొంత అరగదీసి, అంతకన్నా పెద్ద పిస్టన్ వేస్తారు. ఇలా కొన్నిసార్లే కుదురుతుంది. ఆ తర్వాత స్లీవు వేయించాలి, లేదా బారెల్ వెతుక్కోవాలి. అవసరం లేకుండా చేయించిన ఒక్క బోరు బండి ఆయుష్షులో ఒక మెట్టు తగ్గించినట్టే. అందుకే ఇది ఖర్చు గొడవ మాత్రమే కాదు.

నీలం పొగ అంటే ఇంజన్ ఆయిలు కాలుతోందని అర్థం. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. ఆయిలు ఏ దారిన లోపలికి వస్తోందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు పొగ వచ్చే సమయంలో ఉంది. ఘాట్ రోడ్డు దిగుతూ యాక్సిలరేటర్ వదిలేసి, కింద మళ్లీ తిప్పగానే గుప్పున నీలం పొగ వస్తే ముందు అనుమానించాల్సింది వాల్వ్ గైడును. థ్రాటిల్ మూసినప్పుడు లోపల ఏర్పడే పీల్పుకు అరిగిన గైడు సందులోంచి ఆయిలు దిగుతుంది. అది తేలితే హెడ్డు వరకు విప్పితే చాలు, బోరు ముట్టుకోనక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చుని లాగేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తూ, ఆయిలు కూడా తగ్గుతుంటే అప్పుడు రింగుల మీద, బోరు మీద అనుమానం పెట్టుకోవాలి.

మరి కొన్ని వారాలు నిలిపి ఉంచిన బుల్లెట్టు స్టార్ట్ చేయగానే వీధంతా పొగ కమ్మేస్తే? చాలామంది భయపడేది ఇక్కడే. ఈ ఇంజన్‌లో ఆయిలుకు విడిగా అర ఉంటుంది. బండి నిలిచి ఉంటే పంపు సందుల్లోంచి ఆ ఆయిలు మెల్లగా క్రాంక్ గదిలోకి జారిపోతుంది. స్టార్ట్ చేశాక పంపు దాన్ని తిరిగి అరలోకి తోడేదాకా పొగ వస్తుంది, తర్వాత తగ్గుతుంది. ఇది తెలియక, పొద్దున్నే పుల్ల తీసి చూసి 'అయ్యో, ఆయిలు లేదే' అని ఇంకో అర లీటరు పోసేస్తారు. లోపల ఆయిలు ఎక్కువైపోతుంది, పొగ రెట్టింపవుతుంది, బ్రీదర్ పైపులోంచి ఆయిలు కక్కుతుంది. చివరికి రింగులు పోయాయని తీర్పు! కాసేపు బండి నడిపి, ఆపిన వెంటనే లెవెల్ చూడాలి. బ్రీదర్ పైపు మూసుకుపోయినా, దాని రబ్బరు గట్టిపడినా లోపల ఒత్తిడి పెరిగి ఆయిలు పైకి తన్నుతుంది. ఇంజన్ దింపే ముందు ఆ రబ్బరు ముక్కను చూడటానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి?

నల్ల పొగకు ఆయిలుతో పని లేదు. పెట్రోలు ఎక్కువైందని, గాలి తక్కువైందని అర్థం. చోక్ ఇరుక్కుందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, కార్బురేటర్‌లో ఫ్లోటు సరిగా పనిచేస్తోందా అని చూడాలి. చలికాలం పొద్దున తెల్లగా వచ్చి, ఇంజన్ వేడెక్కగానే మాయమైపోయేది ఆవిరే. బుల్లెట్టు గాలితో చల్లబడే ఇంజన్, కార్లలాగా కూలెంట్ లీకు అనే ప్రశ్నే లేదు. నెలల తరబడి నిలిచిన బండి తడబడుతూ తెల్ల పొగ వదిలితే మాత్రం ట్యాంకులో నీరు చేరిందేమో చూడాలి. ఇప్పుడు వస్తున్న పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది.

యెజ్డీ లెక్క వేరు. టూ స్ట్రోక్ బండి పెట్రోలుతో పాటు ఆయిలు కాల్చేదే కాబట్టి కొంత పొగ దానికి సహజం. కానీ పొగ ఉన్నట్టుండి దట్టమై, గేర్ బాక్సులో ఆయిలు తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయి ఉండొచ్చు. సీలు మార్చినా మొదట్లో పొగ వస్తూనే ఉంటుంది. సైలెన్సర్‌లో పేరుకున్న పాత ఆయిలు కాలిపోవాలి కదా! ఆ మాత్రం ఓపిక లేకుండా రెండోసారి ఇంజన్ విప్పించేవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో చేసుకోగల పరీక్షలూ ఉన్నాయి. ప్లగ్గు తీసి చూడండి. పొడి మసి ఉంటే పెట్రోలు, జిడ్డు తడి ఉంటే ఆయిలు. మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజి పెట్టించండి. ఒత్తిడి తక్కువ వస్తే ప్లగ్గు కన్నంలోంచి చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. పెరిగితే రింగులు, బోరు. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. బోరు చేయించక తప్పదని తేలినా అరుగుదల కొలత చూపించమని అడగండి. అడగడం మన హక్కు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అనుకోవద్దు. పెట్రోలు బళ్లకు అక్కడ కొలిచేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. 2000 మార్చి 31కి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు పరిమితి 4.5 శాతం, 9000 పీపీఎం. అదీ బండి నిలబెట్టి, నిదానంగా తిరుగుతుండగా. ఎత్తు మీద వచ్చే నీలం పొగ ఆ కాగితంలో కనిపించదు.

తప్పంతా మెకానిక్‌ల మీదకు నెట్టడం న్యాయం కాదు. గంటసేపు బండి పరీక్షించి 'పది రూపాయల రబ్బరు మార్చాను' అన్నవాడికి మనం ఏమిస్తున్నాం? టీ నీళ్లు. అదే ఇంజన్ దింపినవాడికి వేలు లెక్కపెట్టి ఇస్తాం. చూసినందుకు కూలీ ఇవ్వనంత కాలం విప్పడమే వాళ్లకు గిట్టుబాటు. 'అన్నా, ముందు ఏమైందో చూడు, చూసినందుకు ఇంత ఇస్తాను' అని చెప్పి చూడండి, మాట మారుతుంది.

అలాగని పొగ చూస్తూ ఊరుకోమని కాదు. నిజంగా రింగులు అరిగి ఆయిలు తాగుతున్న బండిని వాయిదా వేస్తే, దూర ప్రయాణంలో ఆయిలు అడుగంటి ఇంజన్ పట్టేస్తుంది. లారీల మధ్య వెనక చక్రం బిగుసుకుంటే ప్రాణాల మీదకే వస్తుంది. వెనక వచ్చేవాళ్లు మన పొగ పీల్చాలన్నదీ మరిచిపోకూడదు. చేయించాల్సింది చేయించాలి, కాకపోతే రోగం తెలుసుకుని చేయించాలి. ఈసారి షెడ్డుకు వెళ్లే ముందు రెండు రోజులు పొగ రంగు, వచ్చే సమయం, ఆయిలు లెవెల్ ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.