ఇల్లు కొని చూడు

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అన్నది లోకోక్తి. నేడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో ఇంటిజాగా కొనడమే తొలి పరీక్ష.

దశాబ్దాలుగా ఈ ప్రాంతాల నుండి తాపీపని, విద్యుత్‌పని వంటి నైపుణ్యాలతో కొందరు, కాయకష్టాన్నే నమ్ముకొని కొందరు గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళారు. అనంతరకాలంలో చదువుకున్న యువత అమెరికా బాట పట్టింది. వారి కష్టార్జితం కోరుకునేది సొంత ఊరిలో నాలుగు గోడలు. కొనేవారు పెరిగారే కాని నేల పెరగలేదు. విదేశీ సంపాదనతో పోటీపడలేని మరమగ్గాల కార్మికునికి, బీడీలు చుట్టే తల్లికి ఆ జాగా అందని మ్రానిపండయింది.

అంతమాత్రాన వలసను నిందించడం న్యాయం కాదు. ధరలో శాతంగా కమీషను పొందే మధ్యవర్తి తీరును గమనించాలి. ధర పెరిగితే అతని లాభం పెరుగుతుంది. బేరం చెడితే శ్రమ వృథా అవుతుంది. కనుక ‘తొందరపడకండి’ అన్న మాట అతని నోట రావడం అరుదు. దూరదేశంలో ఉండి, నేలను కంటితో చూడలేని కొనుగోలుదారుకు ఆ మాటే అత్యవసరం.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం కొంత రక్షణ కల్పించింది. దాని పరిధిలోని లేఅవుట్లు, వాటిని అమ్మే ఏజెంట్లు ‘రెరా’లో నమోదు కావాలి. విక్రయ ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పదోవంతుకు మించి బయానా తీసుకోరాదు. అయితే అడగనివానికి చట్టం అక్కరకు రాదు. ఎడారి దేశంలోని తండ్రి చూడలేని పత్రాలను ఇంట ఉన్న చదువుకున్న బిడ్డ చదవాలి. చదువుకు అంతకంటే సార్థకత ఏమున్నది?