పక్కవాద్యాల వాటా

కిందటి ఉగాది వేడుకకు మన సంఘం పూలకూ పులిహోరకూ పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా వాయించేవాళ్లకు ముట్టలేదు. ముట్టడానికి అసలు వాళ్లుంటే కదా! వచ్చిన గాయకుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకొచ్చి ట్రాక్ మీద పాడారు. బాగానే పాడారు. మనమూ ఈలలు వేసి ఇళ్లకు పోయాం.

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో పెరిగినవాణ్ని కాబట్టి ఇది నాకు కొంచెం ఎక్కువగానే గుచ్చుకుంది. వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా అంటే తబలా, డోలక్, కాంగో, కీబోర్డు, ఒక గిటారు. బ్యానరు మీద పాడేవాడి పేరే ఉండేది గానీ మా పిల్లల చూపంతా కాంగో వాయించేవాడి చేతుల మీదే. శ్రీరామనవమి పందిట్లో కచేరీకి అరగంట ముందే వెళ్లేవాళ్లం. మృదంగం ఆయన తడిపిన రవ్వముద్దను ఎడమవైపు అతికించి, చేత్తో తట్టి చూసి, కాస్త గీకి తీసేసి, మళ్లీ అతికించేవారు. తర్వాత కుడివైపు అంచు మీద కొయ్యపుల్ల ఆనించి రాతితో కొడుతూ శ్రుతి కలిపేవారు. ఆ పక్కన ఫిడేలు ఆయన కళ్లు మూసుకుని బిరడాలు తిప్పుతుండేవారు. టికెట్టు లేదు. చివర్లో శాలువా గాయకుడికి, కవర్లు అందరికీ. ఏ కవరు పలచనో పిల్లలకు కూడా తెలిసేది.

సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా పుట్టిన ఊరు. మిలిటరీ బ్యాండు మాకు కొత్త కాదు. అటువంటి దొరల సంగీతం నుంచే ఫిడేలు మన కచేరీలోకి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. ఆ పాఠాలు ఏర్పాటు చేసింది మణలి ముదలియార్. ఆయన చలవ లేకపోతే ఇవాళ మన కచేరీలో గాయకుడి పక్కన ఎవరు కూర్చునేవారో!

1919లో విజయనగరం మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. ఇరవై ఆరేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ ఫిడేలు ఆచార్యుడయ్యారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుతో సోలో కచేరీలు చేసి జనాన్ని కూర్చోబెట్టారు. నెలనెలా జీతం అందే కొలువు ఉండబట్టే కదా! ఆయన శిష్యుడు నూకల చినసత్యనారాయణ గారు హైదరాబాద్‌లో స్థిరపడి ఎందరికో పాట నేర్పారు, 2010లో పద్మభూషణ్ అందుకున్నారు. ఒక్క సంస్థానం పెట్టిన పెట్టుబడి మన జంట నగరాల దాకా పాకింది.

సంస్థానాలు పోయాయి. సభలు మిగిలాయి, అవీ చందాల మీద. మనం ఉంటున్న అమెరికాలో సంగీతాన్ని పోషించే పని ఊరి జనం చేస్తారు. విజయనగరం కళాశాల కన్నా ఒక్క ఏడాది పెద్దది క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా, 1918లో మొదలైంది. ఇక్కడి పెద్ద ఆర్కెస్ట్రాలకు టికెట్ల డబ్బు ఖర్చులో సగానికి కూడా రాదు. మిగతాది విరాళాలు, ఊళ్లో పెద్దవాళ్లు రాసిచ్చిపోయిన నిధులు. అదే క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన ఆగకుండా జరుగుతోంది. అదీ పదిమంది చెయ్యి వేస్తేనే. త్యాగయ్య మావాడని మీసం మెలేసే మనం ఆ చెయ్యి వేస్తున్నామా అంటే, కొందరం వేస్తున్నాం. ఎక్కువమందిమి ఉచితమైతే వెళ్తున్నాం.

రేపు దీపావళికి కార్యవర్గం ముందు నేను పెట్టే ప్రతిపాదన ఇదీ: ట్రాకులు వద్దు. ఈ ఊళ్లోనే మృదంగం, వయొలిన్, కీబోర్డు నేర్చుకుంటున్న మన పిల్లలున్నారు, వాళ్లకు నేర్పే గురువులున్నారు. వాళ్లను కూర్చోబెడదాం. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. గురువులకు మాత్రం గాయకుడితో సమానంగా పారితోషికం ఇద్దాం, అదీ వేదిక మీదే. భోజనాల్లో ఒక స్వీటు తగ్గిస్తే ఈ డబ్బు వస్తుందని కోశాధికారి గారు ముందే లెక్క కట్టి ఉంచారు.

సెలవుల్లో సికింద్రాబాద్ వెళ్లేవాళ్లు ఒక సాయంత్రం మీ పేటలో కచేరీకి వెళ్లండి. ఆ సభకు సభ్యత్వ రుసుము కట్టి, రసీదు తీసుకోండి. మీ ఇంట్లో ఏ వాద్యమైనా వాయించేవాళ్లుంటే ఈ నెలాఖరులోగా సంపాదకవర్గానికి రాయండి.