నాటక ప్రతాపరుద్రుడు – శాసన ప్రతాపరుద్రుడు

వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ 1897లో వెలువడినది. యుగంధరమంత్రి వెర్రివాని వేషమున ఢిల్లీ చేరి, చెరలోనున్న ప్రభువును విడిపించి, సుల్తానునే బందీగా పట్టిన కథ యది. దానిని చూచి ఉప్పొంగిన తరములు పెక్కు. కవి ప్రతిభను మేము శంకింపము. తెర పడిన పిమ్మట ప్రేక్షకుడు దానినే చరిత్రమని నమ్మి సభలలో ఉపన్యసించుచున్నాడే, ఆ నమ్మకముతోనే మాకు పేచీ.

చరిత్రము వేరు. పిమ్మట మహమ్మదు బిన్ తుగ్లకు పేర ఢిల్లీనేలిన ఉలుఘ్ ఖాను ఓరుగల్లుపై చేసిన తొలి ముట్టడి విఫలమై దేవగిరికి మరలెను. క్రొత్త బలగముతో తిరిగివచ్చి 1323లో కోటను గైకొనెను. బందీయైన ప్రతాపరుద్రుడు ఢిల్లీకి పోవుదారిలో నర్మదాతీరమున అసువులు బాసెనని ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనము చాటుచున్నది. విడిపించిన మంత్రియు లేడు, పట్టుబడిన సుల్తానును లేడు. నాటకము వకీలు వాదము వంటిది, శాసనము సాక్షి. వాదమెంత రమ్యమైనను సాక్ష్యమును త్రోసివేయజాలదు.

“ప్రజలకు ఉత్సాహము కలిగిన చాలదా, నిజానిజములతో పనియేమి?” అని కొందరందురు. చాలదని మేమందుము. ఓరుగల్లు పడిన పిమ్మట ఏ యుగంధరుడును రాలేదు. ప్రోలయనాయకుడు గోదావరీ ప్రాంతపు రేకపల్లెను నెలవుగా గొని దేశమును నిలువబెట్టెను. అతని పిమ్మట కాపయనాయకుడు 1336 ప్రాంతమున ఓరుగల్లును మరల సాధించెను. డెబ్బదియైదుగురు నాయకులు కాపయను కొలిచిరని 1423 నాటి కలువచేరు శాసనము చెప్పుచున్నది. ఇన్నేండ్ల శ్రమను, ఇందరి పూనికను నాటకము ఒక్క మంత్రి యుక్తిలో ఇమిడ్చి ఒక్క రాత్రిలో ముగించినది. ఓటమిని దాచుకొనువారు దాని కారణములను వెదకరు. ఒక్కని మాయోపాయమునకు మ్రొక్కువారు పదుగురితో కూడి పనిచేయ నేర్వరు. యుగంధరుడు వచ్చునని యరుగుపై కూర్చుండి యెదురుచూతురు.

నాటకమును మానుడని మేము చెప్పము. ఆడుడు, చూడుడు. ప్రదర్శనకు ముందు ఇది కల్పనయని సూత్రధారునిచేత ఒక్క మాట చెప్పింపుడు. పఠనమందిరములలో నాటకప్రతి ప్రక్కనే కాకతీయుల శాసనముల తెలుగు తాత్పర్యములనుంచుడు. నదీతీరమున బందీగా మరణించిన రాజును, అతని రాజ్యమును తిరిగి కూర్చిన నాయకులను రంగమెక్కించు కవి యెవ్వడైన పూనుకొనినచో, మొదటివరుసలో కూర్చుండి చూచుటకు మేము సిద్ధముగా నున్నాము.