సంజీవయ్య గారి పటానికి దండ వేస్తే చాలునా?

ఏటా ఫిబ్రవరి 14న కర్నూలు జిల్లాలో దామోదరం సంజీవయ్య గారి జయంతి జరుపుతారు. పటానికి దండ వేస్తారు, నాయకులు నాలుగు మాటలు చెబుతారు, అంతటితో సరి. ఆయన ఏ ఇంట పుట్టి ఏ స్థాయికి ఎదిగారో, పదవిలో కూర్చుని ఏమి చేశారో పల్లెల్లో పిల్లలకు చెప్పేవారు తక్కువ. చెప్పుకుంటే, మన పంచాయతీలలో నేడు జరుగుతున్న తంతు చూసి సిగ్గుపడాల్సి వస్తుంది.

కల్లూరు మండలం పెద్దపాడులో 1921లో ఒక పేద దళిత కుటుంబంలో సంజీవయ్య గారు జన్మించారు. పసితనంలోనే తండ్రి మునయ్య చనిపోగా, తల్లి సుంకులమ్మ, మేనమామ పెంచారు. కర్నూలు మునిసిపల్ హైస్కూలులో, తర్వాత అనంతపురం దత్తమండల కళాశాలలో చదివారు. చిన్నచిన్న ఉద్యోగాలు చేసుకుంటూ మద్రాసులో లా పూర్తి చేశారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ పనిచేశారు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు. దేశంలో ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు.

ఆ పదవిలో ఉన్నది 1962 మార్చి వరకు, అంటే 26 నెలలే. ముసలివాళ్లకు పింఛను ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఆయన హయాంలోనే మొదలయింది. నెల మొదట్లో అవ్వాతాతల చేతికందే డబ్బుకు మూలం అక్కడ ఉంది. లంచగొండులను పట్టుకునే అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది 1961లో, ఆయన కాలంలోనే. హంద్రీ మీది గాజులదిన్నె ప్రాజెక్టుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. తర్వాత కాంగ్రెసు అధ్యక్షులుగా, కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేశారు. కార్మికులకు బోనస్ చట్టం 1965లో ఆయన మంత్రిగా ఉండగానే వచ్చింది. 1972లో 51 ఏళ్లకే కన్నుమూశారు.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. 1993లో అమలులోకి వచ్చిన రాజ్యాంగ సవరణ ప్రకారం సర్పంచ్ పదవులలో దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు రిజర్వేషన్ ఉంది. కాగితం మీద అంతా సవ్యమే. రిజర్వు అయిన చోట ఊరి పెద్దలు రచ్చకట్ట మీద కూర్చుని, తమ మాట దాటని మనిషిని వెదికి నిలబెట్టడం మనకు తెలియనిది కాదు. ఏకగ్రీవం అని చప్పట్లు కొడతారు. ఆ తర్వాత సంతకం సర్పంచ్‌ది, పెత్తనం మరొకరిది. మహిళా సర్పంచ్ అయితే మీటింగుకు మొగుడు వస్తాడు. దళిత సర్పంచ్ అయితే తన ఆఫీసులోనే గోడకానుకొని నిలబడతాడు. ఆ గోడ మీద సంజీవయ్య గారి పటం వేలాడితే మాత్రం ఏమి లాభం?

"వాళ్లకు చదువు లేదు, లెక్కలు తెలియవు, మేము చూసుకుంటున్నాము" అని పెద్దమనుషులు అంటారు. తెలియకపోతే నేర్పాలి గాని కుర్చీ లాక్కోవడం న్యాయం కాదు. పెద్దపాడు కుర్రవాడికీ పుట్టుకతో పాలన రాలేదు. బడిలో చోటిచ్చారు, చదివారు. పదవిలో కూర్చోనిచ్చారు, చేసి చూపించారు. అవకాశం ఇవ్వకుండానే చేతకాదనడం విత్తనం వేయకముందే పంట రాదన్నట్టుంది.

ఒక సంగతి మరువరాదు. వానలు లేక సుగ్గికి గుంటూరు వైపు వలసపోయే ఇంటి మనిషి సర్పంచ్ అయితే, మంచినీళ్లూ ఉపాధి పనీ మొదట ఎక్కడ కావాలో అతనికి తెలిసినంతగా మేడలో ఉండేవారికి తెలియదు. ఆకలి ఎరిగినవారికే ఆకలి తీర్చే ఆలోచన పుడుతుంది. ముసలివారికి పింఛను పెట్టిన ముఖ్యమంత్రి పేదింటి తల్లి కొడుకు కావడం కాకతాళీయం కాదని నా అభిప్రాయం.

కనుక ఓటర్లు చేయవలసిన పని ఉంది. గ్రామసభకు వెళ్లండి. సర్పంచ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, లెక్కలు ఆయన నోటనే చదివించమని అడగండి. ఆయన బదులు మరొకరు జవాబు చెబితే, మీకు మేము ఓటు వేయలేదని నిలదీయండి. పంచాయతీ కార్యదర్శులు కూడా కాగితం చదివి వినిపించకుండా సంతకం తీసుకోరాదు. ఇందుకు కొత్త చట్టమేమీ అక్కరలేదు, నలుగురు నోరు విప్పితే చాలు.

వచ్చే జయంతికి దండ వేసేవారు వేయవచ్చు. దానితోపాటు ఆ రోజు తమ ఊరి దళిత సర్పంచ్‌కు ఆయన కుర్చీ ఆయనకు అప్పగిస్తే, సంజీవయ్య గారికి అంతకన్న గౌరవం వేరే లేదు.