పేరు పెట్టడం పనికిమాలిన పనా?

మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయిని చూసుకోవడానికి ఎవరో వచ్చి వెళ్ళారట. అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం, కట్నం మాట ఎత్తలేదు, వాళ్ళమ్మగారు కూడా నెమ్మదస్తురాలిలాగే ఉన్నారట. "అంతా బాగానే ఉందక్కా. పిల్ల ఏం చేస్తోందని అడిగారు. రీసెర్చి అన్నాను. దేని మీద అన్నారు. సముద్రం మీద అన్నాను. ఇంకా అడిగితే ఏం చెప్పాలో తెలీక, కాఫీ తెస్తానని వంటింట్లోకి వచ్చేశాను" అంది.

దానికి చెప్పుకోవడానికి మొహం చెల్లని ఆ పని ఏమిటంటే, సముద్ర సాలీళ్ళకు పేర్లు తేల్చడం. లోతు సముద్రంలో, నీళ్ళ అడుగున కొండలుంటాయి. వాటి మీదనుంచి ఓడల వాళ్ళు తెచ్చిన సాలీళ్ళను మా పిల్ల మైక్రోస్కోపు కింద పెట్టి ఏది ఏ జాతిదో చూస్తుంది. ఇంతవరకు ఎవరూ పేరు పెట్టనిది దొరికితే దాని రూపురేఖలు రాస్తుంది. ఒక పరిశోధన సంస్థలో రెండేళ్ళ కాంట్రాక్టు. "ఎమ్మెస్సీ చదివించింది సాలెపురుగులు లెక్కపెట్టడానికా?" అని మా చెల్లెలు నన్నే నిలదీసింది. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి, దాని కూతురికి ఈ పిచ్చి అంటించింది నేనేనని దాని నమ్మకం. కొంతవరకు నిజమే. అందుకే ఈ వారం ఆ పిల్ల తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ముందు సాలీడు సంగతి. పేరుకే సాలీడు గాని, మన అటక మీద గూడు కట్టేదానికి ఇది వేలువిడిచిన మేనత్త వరస. గూళ్ళు అల్లడం దీనికి రాదు. ఒళ్ళు అనదగ్గది దాదాపు లేదు, అంతా కాళ్ళే. మామూలుగా ఎనిమిది. ఒంట్లో చోటు చాలక పేగులు కాళ్ళలోకి పాకి ఉంటాయి. ఆడదాని గుడ్లు కూడా కాళ్ళలోనే తయారవుతాయి. ఊపిరితిత్తులు లేవు, మొప్పలు లేవు. పైచర్మంలోంచే ప్రాణవాయువు లోపలికి వెళుతుంది. కాళ్ళలోని పేగులు అలల్లా కదులుతూ దాన్ని ఒంటికంతటికీ అందిస్తాయని 2017లో కనుక్కున్నారు. తొండంతో మెత్తని సముద్రజీవుల రసం పీల్చుకుని బతుకుతుంది. తీరాల దగ్గర దొరికేవి చాలావరకు గోరంత ఉంటాయి. లోతు నీళ్ళలో, అంటార్కిటికా చుట్టుపక్కల ఉండేవాటిలో కాళ్ళు చాపితే 70 సెంటీమీటర్లు వచ్చేవీ ఉన్నాయి. మన చాట కంటే పెద్దవన్నమాట! ఇప్పటికి 1300కు పైగా జాతులకు పేర్లు పెట్టారు.

కిందటేడు నేను ఆ పిల్ల పనిచేసే చోటికి వెళ్ళి ఒక పూటంతా పక్కన కూర్చున్నాను. కొండ మీదనుంచి తెచ్చిన పగడాల కొమ్మల్ని, స్పంజి ముక్కల్ని కడిగితే అడుగున మిగిలిన చెత్త ఒక తెల్ల ట్రేలో ఉంది. చెత్త అని నేనన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. సన్న కుంచెతో, చిమటాతో ఒక్కొక్కటే ఏరుతోంది. పూర్వం మా అమ్మ మధ్యాహ్నం పూట చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది చూడండి, అచ్చం అలాగే. చూపు ఎక్కడా ఆగదు, కానీ రాయి కనిపించగానే వేలు దానంతటదే వెళుతుంది.

ఏరాక అసలు పని మొదలు. దీనికి ప్రశ్నల పట్టిక ఒకటుంటుంది. తొండానికి పక్కన పటకార్లు ఉన్నాయా? ఉంటే ఈ పేజీకి వెళ్ళు, లేకపోతే ఆ పేజీకి వెళ్ళు. తడిమి చూసుకునే మీసాల్లాంటి వాటికి ఎన్ని కణుపులు? తొండం కిందికి వంగిందా, తిన్నగా ఉందా? ఒక్కో కాలికి ఎనిమిది భాగాలు, చివర గోరు. వాటిలో ఏది దేనికన్నా ఎంత పొడుగు? లోతు సముద్రపు సాలీళ్ళలో చాలావాటికి కళ్ళుండవు, కళ్ళుండాల్సిన బుడిపె మాత్రం మిగిలి ఉంటుంది. ఆ బుడిపె మొండిగా ఉందా, మొనదేలిందా అన్నది కూడా చూడాలి. ఇన్నీ చూశాక తికమకలు వేరే. చిన్నప్పుడు పటకార్లుండి, పెద్దయ్యేసరికి అవి మొద్దుబారిపోయేవి ఉన్నాయి. పిల్లను, తల్లిని పక్కపక్కన పెడితే రెండు వేరే జాతులనుకుంటారు. ఒక్క సాలీడు దగ్గరే మూడు రోజులు కూర్చున్నానని ఆ పిల్ల చెప్పింది. ఫిర్యాదుగా కాదు, గొప్పగా.

డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఇంకా ఈ కాళ్ళు కొలవడమేమిటని మీరు అడగొచ్చు. మా ఆయన అడిగారు. డీఎన్ఏ ఈ రెండూ ఒకటి కావని చెబుతుంది, మంచిదే. అంటార్కిటికా చుట్టూ ఒకే జాతి అనుకున్న పెద్ద సాలీడొకటి నిజానికి అనేక జాతుల గుంపని 2010 నుంచి జరిగిన పరీక్షల్లోనే తేలింది. కానీ వాటిలో పాత పేరు దేనికి చెందుతుంది? అది చెప్పాలంటే వందేళ్ళ కిందటి వర్ణన తీసి, ఆ పేరుకు సాక్ష్యంగా ఏదో మ్యూజియంలో సీసాలో దాచిన ప్రాణితో పోల్చి చూడాలి. అక్కడ మళ్ళీ మనిషి కన్నే కావాలి.

ఇక మగవాళ్ళ సంగతి. ఇది చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. చాలా సముద్ర సాలీళ్ళలో గుడ్లు మోసేది తండ్రి. ఆడది గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. మగవాడు వాటిని ఉండలా చేసి, అందుకోసమే ఉన్న చిన్న కాళ్ళకు అతికించుకుని, పిల్లలు బయటికి వచ్చేదాకా మోసుకు తిరుగుతాడు. కొన్ని జాతుల్లో పిల్లలు పుట్టాక కూడా వదలవు. అంటార్కిటికా రాకాసి సాలీడు మాత్రం గుడ్లు మోస్తూ ఎవరికీ కనిపించలేదు. అవి గుడ్లను రాతికి అతికిస్తాయని 2024లో హవాయి విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రకటించారు. అతికించింది కూడా బహుశా మగదేనట. ఇదంతా చదివి వినిపిస్తే మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఈ పని ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. స్కాట్లండులో 1901లో పుట్టిన ఇసబెల్లా గోర్డన్ 1928లో లండన్ మ్యూజియంలో చేరింది. పీతలు, రొయ్యలు, సముద్ర సాలీళ్ళు ఆవిడ చూసేవి. ఆ రోజుల్లో బ్రిటిష్ సివిల్ సర్వీసులో ఆడవాళ్ళు పెళ్ళి చేసుకుంటే రాజీనామా ఇవ్వాల్సిందే. 1946 దాకా అదే నియమం. అలాంటి కాలంలో ఆవిడ, పైఅధికారి కాల్మన్‌తో కలిసి 1933లో పన్నెండు కాళ్ళ సముద్ర సాలీడును లోకానికి పరిచయం చేసింది. 1961లో జపాన్ చక్రవర్తి హిరోహిటో అరవయ్యో పుట్టినరోజు సందర్భంగా ఆవిడను ఆ దేశానికి పిలిపించారు. ఆయనకు కూడా సముద్రజీవుల పిచ్చి ఉంది లెండి.

కాళ్ళు లెక్కపెట్టడం తేలికనుకోకండి. పది కాళ్ళ సాలీడుంది మొర్రో అని అమెరికాకు చెందిన జేమ్స్ ఐట్స్ 1835లోనే రాశాడు. దాదాపు 70 ఏళ్ళు ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. 1900 దాటాక అంటార్కిటికాకు వెళ్ళిన ఓడల వలల్లో మళ్ళీ పడేదాకా ఆయన మాటకు విలువ లేదు. మన కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉన్న సముద్ర సాలీళ్ళ జాబితా రాసింది కూడా పైన చెప్పిన కాల్మన్ దొరే, 1923లో. మన దగ్గరి ప్రాణుల పేర్లకు లండన్ వాళ్ళ మీద ఆధారపడిన కాలం అది. ఇప్పుడు మన పిల్లే కూర్చుని తేలుస్తానంటే మనకు సిగ్గెందుకు?

అయినా ఇది సరదా పనే అయితే నేనింత గట్టిగా మాట్లాడను. ఈ సాలీళ్ళు ఉండే కొండల మీద ఇప్పుడు చాలామంది కళ్ళు పడ్డాయి. శ్రీలంకకు దక్షిణంగా, భూమధ్యరేఖ దాటాక, హిందూ మహాసముద్రంలో అఫనాసి నికితిన్ అనే కొండ ఉంది. పదిహేనో శతాబ్దంలో బీదరు దాకా వచ్చిన రష్యా యాత్రికుడి పేరది. సుమారు 4800 మీటర్ల లోతులోంచి లేచి, నీటి మట్టానికి 1200 మీటర్ల కిందిదాకా వస్తుంది. దాని రాళ్ళ మీది పొరలో కోబాల్టు ఉంది. అక్కడ అన్వేషణ జరుపుకోవడానికి అనుమతి కావాలని మన దేశం 2024 జనవరిలో జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థకు దరఖాస్తు పెట్టింది. ఆ పొర పదిలక్షల ఏళ్ళకు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. బ్యాటరీలకు కోబాల్టు కావాలి, కాదనను. నా చేతిలో ఫోనుంది, నేనే కాదంటే నవ్వుతారు. కానీ తవ్వేముందు అక్కడ ఎవరెవరు కాపురముంటున్నారో రాసిపెట్టుకోవద్దూ?

ఎందుకంటే ఒక కొండ మీది సాలీడు ఇంకో కొండ మీదికి తేలిగ్గా పోలేదు. చాలా సముద్రజీవుల పిల్లలు నీళ్ళలో తేలుతూ ఎక్కడెక్కడికో వెళతాయి. సాలీడు పిల్లలు తండ్రిని పట్టుకునో, తాము తినే జీవిని పట్టుకునో ఉంటాయి. అంచేత ఒక్క కొండకే పరిమితమైన జాతి ఉండడానికి అవకాశం ఎక్కువ. ఆస్ట్రేలియా తూర్పున, టాస్మాన్ సముద్రం, కోరల్ సముద్రంలోని ఇలాంటి కొండల మీద 850కి పైగా జాతులు దొరికాయని, వాటిలో 29 నుంచి 34 శాతం దాకా కొత్తవో, ఆ కొండలకే పరిమితమైనవో కావచ్చని 2000లో ప్రకటించారు. ఆ ప్రాంతంలోనే కొన్ని కొండల మీద చేపల కోసం బరువైన వలలు లాగారు. ఆపేసిన ఐదు నుంచి పదేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే పగడాల తోటలు కోలుకున్న జాడ లేదు. ఆ పగడాల కొమ్మల్లో ఏయే సాలీళ్ళుండేవి అని ఇప్పుడు ఎవరిని అడుగుతాం?

పేరు లేని ప్రాణి పోయినా లెక్కలోకి రాదు. నాకిది పుస్తకాల్లో తెలిసింది కాదు. నేను పనిచేసిన ఒక కాలేజీలో జువాలజీ మ్యూజియం గదిని కంప్యూటర్ ల్యాబ్ చేశారు. కంప్యూటర్లు రావాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు. సీసాలన్నీ వరండాలో పెట్టించారు. వానకు కాగితం చీటీలు ఊడిపోయాయి. ఏది ఏ తీరంలో, ఏ సంవత్సరంలో, ఎవరు పట్టారో చెప్పే ఆధారం పోయింది. మా ముందుతరం మేడమ్‌లు విద్యార్థినులను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున తిరిగి నలభై ఏళ్ళు పోగుచేసినవి. చీటీ లేని సీసాలో పీత వట్టి పీతే. ఒక ఆదివారం అటెండరు వాటిని తీసుకెళ్ళి పారబోశాడు. నేను ఊళ్ళోనే ఉన్నాను. అడ్డం పడలేదు. అప్పటికి రిటైర్‌మెంట్ ఏడాదే ఉంది, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే అన్నం సయించదు.

అందుకే రెండేళ్ళ కాంట్రాక్టు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ పనిలో కన్ను కుదరడానికే నాలుగైదేళ్ళు పడుతుంది. కుదిరే సమయానికి ప్రాజెక్టు అయిపోయిందంటారు. ఆ పిల్ల బ్యాంకు పరీక్షలు రాసుకుంటుంది. సాలీళ్ళు సీసాల్లోనే ఉంటాయి. ఆరువేల మీటర్ల లోతుకు మనుషులను పంపే మత్స్య వాహనానికి డబ్బులు పెడుతున్నాం, సంతోషమే, నేనూ చప్పట్లు కొడతాను. అది పైకి తెచ్చినవాటి ముందు కుర్చీ వేసుకు కూర్చోవడానికి జీతం, పెన్షన్ ఉన్న మనుషులు కూడా కావాలి కదండీ. ఓడ ఫోటో పేపర్లో పడుతుంది. ట్రే ముందు వంగి కూర్చున్న పిల్ల ఫోటో ఎవరు వేస్తారు?

మా చెల్లెలికి ఒకటే చెప్పాను. ఈసారి వాళ్ళు వస్తే వంటింట్లోకి పారిపోకు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. సాలీళ్ళ పేరు వినగానే ముఖం చిట్లించేవాళ్ళయితే ఆ సంగతి తాంబూలాలకు ముందే తెలియడం నయం. "నువ్వే వచ్చి చెప్పు" అంది. వెళుతున్నాను, వచ్చే ఆదివారం.

నిన్న రాత్రి పదింటికి ఆ పిల్ల ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఏడో సీసాలో గుడ్లతో ఉన్న మగది దొరికింది. ఫోటో పంపాను చూడు. ఆదివారం వాళ్ళకీ చూపిద్దామా?" అని నవ్వుతోంది. వెనకనుంచి మా చెల్లెలి గొంతు వినిపిస్తూనే ఉంది, "చూపిస్తే చూపించండి గాని, కాఫీలు తాగాక చూపించండి తల్లీ" అంటూ.